మానుట యను క్రియ: తెలుఁగు దృశ్యకావ్యములలో వ్యసనవిముక్తి

తెలుఁగున "మాను" అను ధాతువు రెండు విధములఁ బ్రవర్తించును. "గాయము మానినది" అన్నపుడు అది అకర్మకము. గాయమే కర్త, మానుట దానంతట నది జరుగు పని. "అతఁడు త్రాగుడు మానినాఁడు" అన్నపుడు అది సకర్మకము. పురుషుఁడు కర్త, త్రాగుడు కర్మము, విడుచుట వాని సంకల్పము. ప్రేరణార్థమున "మాన్పు" అను రూపము రెండింటికిని సమానము: వైద్యుఁడు పుండును మాన్పును, పెద్దలు పిల్లలచేఁ జెడు నడత మాన్పింతురు. స్వస్థపడుటయు విడుచుటయు నొక్క ధాతువునఁ గలసియుండుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను మత్తునకు లోఁబడినవాని స్థితి నింతకంటె సూక్ష్మముగాఁ జెప్పు మాట దొరకుట కష్టము. వాఁడు ఒకవంక రోగి, ఒకవంక కర్త. రోగి యని మాత్రమే తలఁచినచో వాని పూనికకుఁ జోటు లేదు. కర్త యని మాత్రమే తలఁచినచో వానిపై దయకుఁ జోటు లేదు. ఇట్టి ధాతువు గల భాషలో మత్తునుండి మరలివచ్చు మనుష్యుని కథ ప్రసిద్ధమైన యే చిత్రమునను సమగ్రముగాఁ జెప్పఁబడకపోవుట విచారింపఁదగిన విషయము.

సంస్కృతమున "వ్యసన" శబ్దముకూడ ద్వ్యర్థియే. విశేషముగా దూరముగాఁ ద్రోయునది వ్యసనము. ఆపదకును, చెడు అలవాటునకును ఆ యొక్క పేరే చెల్లినది. మనువు కామజములు పది, క్రోధజములు ఎనిమిది అని వ్యసనములను లెక్కించి, కామజములలో మద్యపానము, జూదము, స్త్రీ, వేఁట అను నాలుగింటిని మిక్కిలి కష్టతరములుగా నెంచెను. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున ఎనిమిదవ యధికరణమును వ్యసనములకే కేటాయించెను. తెలుఁగునకు వచ్చునప్పటికి ఆ శబ్దము దుఃఖార్థమును గూడ నిలుపుకొన్నది. ప్రాచీనులు "వ్యసనపడెను" అన్నచో దుఃఖించెనని యర్థము. అలవాటును దుఃఖమును వేఱుచేయని యీ వాడుక, త్రాగుబోతును హాస్యగాఁడుగాఁ జూపుటకు మరగిన నేఁటి తెరకుఁ గొంత పాఠము చెప్పఁగలదు.

ఉత్తర తెలంగాణమున, కాగజ్‌నగరము మొదలగు తావులలో, జనులు "మానినాఁడు" అనుటకు మాఱుగాఁ దఱచుగా "బంద్ చేసిండు" అందురు. బంద్ అనఁగా మూయుట, కట్టివేయుట. పారసీకమునుండి ఉర్దూ ద్వారమున వచ్చిన మాట. ఈ పట్టణమునకు దాని యర్థము బాగుగాఁ దెలియును. 1938లో స్థాపింపఁబడి పట్టణమునకుఁ బేరును బ్రతుకును ఇచ్చిన సిర్పూరు కాగితపు మిల్లు 2014లో మూతపడినది; అదియును బందే. 2018లో జె.కె. పేపరు సంస్థ చేతికి వచ్చి మరల తెఱవఁబడినది. బంద్ అయినది తెఱవఁబడవచ్చునని అందఱును ఎఱుఁగుదురు. మిల్లు విషయమున నది సంతోషము. సీసా విషయమున నదియే భయము. రాష్ట్రమంతటికిని ఇట్టి బంద్ ఒకటి జరిగినది. 1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు లేవనెత్తిన సారావ్యతిరేకోద్యమము ఫలితముగా 1993లో సారాయి నిషేధింపఁబడి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపఁబడినది. మూయుట ఒక దినపు పని. మానుట యనేక దినముల పని. ఈ భేదమే యిచ్చటి విచారణకు మూలము.

ఈ భేదము శబ్దవిచారమునకు మాత్రమే చెందినది కాదు, ప్రాణములకును సంబంధించినది. మాదకద్రవ్యము లనఁగానే నేఁటి చిత్రములు హైదరాబాదులోని పబ్బులను, తెల్లని పొడిని, ధనికుల బిడ్డలను చూపును. తెలంగాణ పల్లెలలోను పట్టణములలోను మాదకద్రవ్యము పెక్కుసారులు కల్లుకుండలో నుండి వచ్చుచున్నది. చెట్టునుండి దిగిన కల్లు చాలనిచోట క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మందులను నీటఁ గలిపి కల్లని యమ్ముట చిరకాలముగా నున్న యపచారము. త్రాగువాఁడు తాను కల్లు త్రాగుచున్నాననుకొనును. వాని నరములు అలవాటుపడినది నిద్రమందునకు. 2015లో ప్రభుత్వము కల్తీకల్లుపైఁ గఠినముగా వ్యవహరింపఁగా, ఆ మందు హఠాత్తుగా నందక నిజామాబాదు మొదలగు తావులలోఁ బెక్కుమంది ఆసుపత్రులఁ జేరిరి. అట్టి మందులను గాని, యేండ్లతరబడి మితిమీఱి సేవించిన మద్యమును గాని, ఒక్కమాఱుగా విడిచినచో వణఁకు, నిద్రలేమి, చిత్తభ్రాంతి, మూర్ఛలు రావచ్చును. చికిత్స లేనిచో మరణమును సంభవింపవచ్చును. కావుననే వైద్యులు మోతాదును క్రమముగాఁ దగ్గింతురు. రోగిని తొలి దినములు కనిపెట్టియుందురు. తెరమీఁద నాయకుఁడు సీసాను గోడకుఁ గొట్టి పగులఁగొట్టి తల్లి పాదములంటి శపథము చేయఁగానే కథ ముగియును. ఆ దృశ్యమును నమ్మిన యింటివారు, మఱునాఁడు తమ మనుష్యుఁడు వణఁకుచుండఁగా, అది మొండితనమో నటనయో యని పొరపడి తలుపు గడియ వేయుదురేని, ఆ దోషమునఁ గావ్యమునకును భాగము గలదు. అనౌచిత్యము రసభంగమునకుఁ గారణమని ఆలంకారికులు చెప్పిరి. ఇచ్చట నది యంతకంటె దూరము పోవును.

ఈ హఠాత్ పరివర్తనము తెలుఁగుకథకు ఎచ్చటనుండి వచ్చినది? జనశ్రుతిలోని వేమన ఒక్క దృశ్యముచే విరాగియయ్యెను. బిల్వమంగళుఁడు ఒక్క రాత్రిలో, ఒక్క మాటతో, లీలాశుకుఁడయ్యెను. ఆ బిల్వమంగళుని కథనే గ్రహించి కాళ్లకూరి నారాయణరావు గారు "చింతామణి"ని రచించిరి. వేశ్యాలోలత్వమునకు "చింతామణి", వరకట్నమునకు "వరవిక్రయము", పానదోషమునకు "మధుసేవ" యని యొక్కొక్క దురాచారమునకు నొక్కొక్క నాటకమును నియమించుకొన్న సంస్కర్త ఆయన. సంస్కరణోద్యమపు రంగస్థలమునకు హఠాత్ పరివర్తనము అనుకూలమైన పనిముట్టు; ప్రేక్షకుని తెల్లవారులోపల ఒప్పింపవలెను గదా. దాని ప్రయోజనమును కాదనఁబనిలేదు. అయినను అట్టి కథలలో మాఱినవాఁడు ఇల్లు విడిచి పోవును, లేదా భక్తుఁడగును. ఇంటనే యుండి, అదే వీధినుండి నడచుచు, అదే దుకాణము ముందుగాఁ బనికిఁ బోవుచు మాఱినవాని కథ వారికిఁ బట్టలేదు.

ప్రాచీనకావ్యములలో నొకచోట మాత్రము ఈ విషయము వేఱుగాఁ గానవచ్చును. పదునాఱవ శతాబ్దికిఁ జెందిన తెనాలి రామకృష్ణకవి "పాండురంగమాహాత్మ్యము"న నిగమశర్మకథను చెప్పెను. చదువుకొన్న బ్రాహ్మణుఁడు, మంచి వంశమువాఁడు, విటుఁడై యిల్లు గుల్ల చేయఁగా అత్తవారింటినుండి వచ్చిన అక్క వానికి బుద్ధి చెప్పును. వాఁడు వినును. కొన్ని దినములు ఇంటిపట్టున నుండును. తలిదండ్రులు పొంగిపోవుదురు. పిదప నొక రాత్రి అందఱి నగలతోపాటు అక్క ముక్కరను గూడ మూటగట్టుకొని వాఁడు పాఱిపోవును. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు ఆ పేరులేని అక్కయ్యను గూర్చి వ్రాసినప్పటినుండి ఆమె తెలుఁగుసాహిత్యమున ఒక ప్రసిద్ధ పాత్ర. ఆమె మాటల సొగసును, నగ పోయినందుకు ఆమె పడిన బాధను విమర్శకులు తఱచుగాఁ బ్రశంసింతురు. ఇచ్చటి విషయమునకు ముఖ్యమైనది మాత్రము ఆ కొన్ని దినములే. వాఁడు మానినట్లుండుట, ఇంటివారు నమ్ముట, వాఁడు మరల జాఱుట: ఈ మూఁడును వరుసగాఁ జూపిన కవి మనుష్యస్వభావమును గనిపెట్టినవాఁడు. అయితే ఆయన కావ్యము క్షేత్రమాహాత్మ్యము. కావున నిగమశర్మ పెక్కు పతనముల పిదపఁ బుణ్యక్షేత్రమునఁ బ్రాణములు విడిచి, స్థలమహిమచేతనే సద్గతి పొందును. వాఁడు చేసిన ప్రయత్నము లేదు. అక్క శ్రమ కథలో మరల లెక్కకు రాదు. మాన్పఁబోయినవారి యలసటను తెలుఁగుకథ మఱచుట అచ్చటనే మొదలైనది.

చలనచిత్రముల కాలమునకు వచ్చినచో మొదట స్మరింపవలసినది "దేవదాసు". శరచ్చంద్రుని 1917 నాటి నవల యాధారముగా వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వమున 1953లో వెలువడిన యీ చిత్రమున అక్కినేని నాగేశ్వరరావు గారి యభినయము తెలుఁగువారికిఁ ద్రాగుబోతు రూపమును స్థిరపఱచినది. దేవదాసు త్రాగుడునకు గారణము విరహము, ఫలము మరణము. మధ్యనున్నది క్షయము. కరుణరసము నిండుగాఁ బండినదనుటకు సందేహము లేదు. కాని యా పరిపాకముననే యొక యపాయమున్నది: త్రాగుట ప్రేమకుఁ గొలతయైనది. ఎంత త్రాగినచో నంత ప్రేమించినట్లు. కథలో నిజముగాఁ దన పూర్వజీవితమును విడిచినది చంద్రముఖి. ఆమె వృత్తిని, భోగమును, ఇంటిని విడుచును. ఆ విడుపు నిలుచును. అయినను చిత్రము పేరు ఆమెది కాదు, ప్రేక్షకుని కన్నీరును ఆమెకై కాదు. మానినవారికంటె మానలేనివాఁడు మనోహరుఁడనుట దేవదాసుతో మన చిత్రములలో నొక సంప్రదాయమైనది.

మూఁడు దశాబ్దములకు, 1983లో, కె. విశ్వనాథ్ గారి "సాగర సంగమం" ఈ దారినుండి కొంత తొలఁగినది. కమల్ హాసన్ ధరించిన బాలకృష్ణుఁడు నాట్యకోవిదుఁడు. అవకాశమును, తల్లిని, ప్రేమను పోఁగొట్టుకొని త్రాగుడునఁ బడినవాఁడు. మత్తులో బావిగట్టుమీఁద నాడు ఘట్టమును చూచినవారు మఱవరు. ఇచ్చట చిత్రకారుఁడు రెండు మంచి పనులు చేసెను. ఒకటి: త్రాగుబోతు చేతికి వానికి వచ్చిన విద్యనే మరల నిచ్చెను. శైలజ యను బాలికకు నాట్యము నేర్పు భారము వానిపైఁ బడును. కూర్చున్న చోటినుండియైనను నేర్పవలెను, కావున రేపు కూడ బ్రతికియుండవలెను. ఇది నిజముగా మాన్పు ఉపాయము. రెండు: మాధవి, రఘు అను నిరువురు వానిని విడువక కనిపెట్టియుందురు, మాధవి వానికొఱకుఁ దన వైధవ్యమునే మఱుఁగుపఱచును. మాన్పువారి శ్రమను తెలుఁగుచిత్రము లెక్కలోనికిఁ దెచ్చుట అరుదైన గుణము. అయినను శిష్యురాలి నాట్యము సఫలమైన క్షణముననే గురువు మరణించును. మరణము కథకు శిఖరమైనది, కళకు నివాళియైనది. నాట్యము ముగిసిన మఱునాఁటి యుదయము, చప్పట్లు లేనపుడు, బాలకృష్ణుఁడు ఏమి చేయునన్న ప్రశ్నకు మాత్రము జవాబు లేదు. ఉత్సవదినమున త్రాగకుండుట సులభము. ఉత్తదినమున కష్టము.

ఉత్తర తెలంగాణమునకు సమీపమైనది 2023లో వచ్చిన "దసరా". శ్రీకాంత్ ఓదెల గారి దర్శకత్వము; నాని, కీర్తి సురేశ్ ప్రధానపాత్రలు; సింగరేణి బొగ్గుప్రాంతమునఁ గల్పింపఁబడిన వీర్లపల్లి యను నూరు రంగము. ఈ చిత్రమునకుఁ దక్కవలసిన కీర్తి యేమనఁగా, త్రాగుడును ఒక వ్యక్తి గుండెకోఁతగాఁ గాక ఊరి వ్యవస్థగాఁ జూపుట. సిల్కు బారు అచ్చట దుకాణము మాత్రమే కాదు. అధికారమునకు గద్దె, కులమునకుఁ గొలబద్ద. దేవదాసునకు వ్యసనము లోపలినుండి వచ్చినది. ధరణికి అది చుట్టునున్న గాలినుండి వచ్చినది. ఇది పెద్ద యడుగు. కాని కథ నడచినకొలఁది ప్రతీకారమే ఫలమగును. రావణదహనపు నాఁడు ప్రతినాయకుఁడు చచ్చుటతో ముగియును. పిరికివాఁడు త్రాగి ధైర్యము తెచ్చుకొనుట మొదట దోషముగానే సూచింపఁబడినను, వాని చేయి ఆ గ్లాసును విడుచుట యెట్లన్నది కథకు ముఖ్యవిషయము కాలేదు. రావణుఁడు బయట నున్నాఁడు, కాలిపోయినాఁడు. లోపలివాని సంగతి మిగిలినది.

ఈ మూఁడు చిత్రములును మూఁడు మార్గములఁ దప్పించుకొన్నది ఒక్కదానినే. శాస్త్రపరిభాషలోఁ జెప్పవలెనన్నచో, రూపకమునఁ గార్యమునకు ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని యైదవస్థలు. విఘ్నము వచ్చి ఫలము సందిగ్ధమగు చోటు విమర్శసంధి. వ్యసనవిముక్తికథలో యత్నము, ప్రాప్త్యాశ, విమర్శము అనునవే కథ. ఆరంభము ఒక్క రాత్రి. ఫలాగమము ఎన్నఁడును సంపూర్ణముగా రాదు. మన చిత్రములు ఆరంభమునుండి ఫలాగమమునకు దుముకును. లేదా విఘ్నమునే ఫలముగాఁ జేసి నాయకుని జంపును. భావములలో నైనను ఇదే లోపము. భరతుఁడు మదమును వ్యభిచారిభావముగానే లెక్కించెను. అది వచ్చిపోవునది, దానిని స్థాయిగాఁ జేసినచో హాస్యమో జుగుప్సయో పుట్టును. పరివర్తనమునకై మన కవులు నమ్ముకొన్నది నిర్వేదము, అది మెఱుపు. కావలసినది ధృతి. అది వత్తిదీపము. ఉత్సాహము స్థాయిగా, గ్లాని, శంక, దైన్యము, వ్రీడ, స్మృతి, ధృతి సంచారులుగా వచ్చు వీరరసమే యీ కథకుఁ దగినది. శత్రువు రాని యుద్ధము, కత్తి లేని వీరము. ప్రతిదినము సాయంకాలము ఆఱు గంటలకు జరుగునది.

ఈ దోషము తెలుఁగువారికే పరిమితమనుట న్యాయము కాదు. అమెరికాలో బిల్లీ వైల్డరు 1945లో తీసిన "ది లాస్ట్ వీకెండ్" ఉత్తమచిత్రముగా ఆస్కారు పురస్కారము పొందినది. త్రాగుబోతు రచయిత యొకఁడు కొన్ని దినములలోఁ బడు నరకమును నిర్దయగాఁ జూపిన చిత్రమది. అయినను కడపట నాయకుఁడు సిగరెట్టును విస్కీగ్లాసులోఁ జాఱవిడిచి నవల వ్రాయఁబూనును. మూలమైన చార్లెస్ జాక్సను నవల 1944లో వచ్చినది. దానిలో నిట్టి యూఱట లేదు. తెరకు వచ్చునప్పటికి అచ్చటను శపథమే గెలిచినది.

1988లో గ్లెన్ గార్డన్ కారన్ దర్శకత్వమున వచ్చిన "క్లీన్ అండ్ సోబర్" ఈ విషయమున విశేషముగాఁ బరిశీలింపఁదగినది. మైకేల్ కీటన్ ధరించిన డారిల్ పాయింటరు ఇండ్లస్థలముల వ్యాపారసంస్థలో నుద్యోగి, కొకెయినుకు దాసుఁడు, సంస్థసొమ్ము పోఁగొట్టినవాఁడు. ఒక యుదయమున వాని ప్రక్కనున్న స్త్రీ మత్తుమందు మితిమీఱి స్మృతి కోల్పోయియుండును. పోలీసులకును యజమానికిని భయపడి, పేరు బయటఁబడదను నాశతో, వాఁడు వ్యసనవిముక్తికేంద్రమునఁ జేరును. ఇది గొప్ప ఆరంభము. వాఁడు మానుటకై రాలేదు, దాఁగుటకై వచ్చినాఁడు. పశ్చాత్తాపము లేదు, శపథము లేదు, కన్నీరు లేదు. రోగము మానుటకు రోగి మనస్సు ముందుగాఁ బరిశుద్ధము కావలెనను నియమము నీ చిత్రము త్రోసివేయును.

కేంద్రములోఁ జూపఁబడిన విషయము లన్నియుఁ జిన్నవి. దొంగచాటు ఫోనులు, అబద్ధములు, ఇతరుల తప్పులను వెదకుట, నియమములపైఁ జిరాకు. మోర్గన్ ఫ్రీమన్ ధరించిన క్రెయిగ్ అను సలహాదారు, తానును ఒకప్పుడు ఆ గోఁతిలోఁ బడి లేచినవాఁడగుటచే, ఆ యబద్ధములను మొదటి యక్షరముననే పట్టుకొనును. నిగమశర్మ అక్కకును క్రెయిగుకును గల భేదమిచ్చటఁ దెలియును: ఆమె నమ్మినది, ఇతఁడు నమ్మఁడు, ఆమెది ప్రేమ, ఇతనిది ప్రేమతోఁ గూడిన యనుభవము. కేంద్రమునుండి వెలువడిన పిదప నాయకునికి ఒక వృద్ధుఁడు తోడుగా నిలుచును. 1935లో ఏక్రను పట్టణమునఁ బుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘపు పద్ధతి యది. మానినవాఁడు మానఁబోవువానికిఁ జేయూఁత యిచ్చుట, నేఁటి దినము మాత్రమే దాఁటుదమని తలఁచుట, దాని సారము. చిత్రాంతమున నాయకుఁడు సభలో లేచి నాలుగు మాటలు చెప్పి, ముప్పది దినముల గుఱుతుగా నొక చిన్న బిళ్ల నందుకొనును. ముప్పది దినములు. ముప్పది యేండ్లు కాదు. పోయిన సొమ్ము రాలేదు, పోయిన ప్రాణములు రాలేదు, ప్రేమయు ఫలింపలేదు. ఫలాగమము లేదు, నియతాప్తియు లేదు. ఉన్నది ప్రాప్త్యాశ. ఆ యవస్థయందే చిత్రమును నిలిపిన సాహసము మెచ్చఁదగినది.

దీనిలో దోషములు లేకపోలేదు. చార్లీ యను స్త్రీపాత్ర, ఉక్కు కర్మాగారమునఁ బనిచేయునది, నాయకునికంటెఁ గష్టతరమైన బ్రతుకు గలది. ఆమె మరల జాఱి, కారుప్రమాదమున మరణించును; ఆ మరణము నాయకుని కనువిప్పునకు సాధనమగును. మానుటలో నాయకునకుఁ గాలమిచ్చి, ఆమెకుఁ గాలమీయకపోవుట పక్షపాతమే. చంద్రముఖి కన్నీటికి నోఁచుకొనలేదు, చార్లీ జీవితమునకు నోఁచుకొనలేదు; కార్మికస్త్రీ మానిన కథ అచ్చటను ఇచ్చటను మిగిలియే యున్నది. మఱియు చికిత్సకు వలయు సెలవు, ధనము నాయకునకుఁ గొంతవఱకైనను గలవు. కూలివానికి ఒక నెల పని మానుటయే యసాధ్యమన్న విచారము ఆ చిత్రమునకుఁ దెలియదు.

ఇట్టి చిత్రము మనకు విసువు పుట్టించునని ఆక్షేపింపవచ్చును. పాటలు, పోరాటములు లేక, ఒక మనుష్యుఁడు త్రాగకుండుటను రెండున్నర గంటలు చూచువారెవరు? చేయకుండుట వ్యాపారమెట్లగును? దీనికి సమాధానము లోకమందే యున్నది. జీతపు దినమున ఇంటికి వచ్చు దారిలో కల్లు దుకాణము వచ్చుచోట వీధి దాఁటి నడచువాని యడుగులను భార్య కిటికీనుండి చూచుచుండుటకంటె ఉత్కంఠ కలిగించు దృశ్యమేది? దావతునకుఁ బోయినపుడు చుట్టములు గ్లాసు చేతఁబెట్టి, వలదన్నచో మర్యాద చెడినదని నొచ్చుకొనుట. పండుగకు, పెండ్లికి, చావునకును ఒకటే యుపచారముగా మద్యముండుట. మాటవరుసకు మద్యమునకును ఔషధమునకును "మందు" అను నొక్క పేరే చెల్లుటచే, డాక్టరు మందు వేసికొంటివా యని తల్లి యడిగినపుడు ఇంటనున్నవారు ఉలికిపడి పిదప నవ్వుట: ఇవన్నియు కవి కల్పింపనక్కఱలేని యనుభావములు.

కాగజ్‌నగరము వంటి పట్టణము అట్టి కథకుఁ దగిన రంగము. అడవినుండి వచ్చిన వెదురును గుజ్జుచేసి కాగితముగా మార్చిన యూరు. నాలుగేండ్లు పని లేక నిలిచి, మరల పని చూచిన యూరు. మూతపడిన మిల్లును తెఱచుట పత్రికలకు ఒకనాఁటి వార్త. మూలఁబడిన యంత్రము మరల నడచుటకు మాత్రము తుప్పు వదలవలెను, భాగములు మార్పవలెను, పని మఱచిన చేతులకు పని మరల రావలెను. మనుష్యుఁడును అట్టివాఁడే. ఈ జిల్లాలో గోండుల, కోలాముల పల్లెలున్నవి. అచ్చట ఇప్పపువ్వు దేవతకు నైవేద్యము, ఇప్పసారా వేడుకకు అంగము. ఆచారమునకును వ్యసనమునకును నడుమ గీఁత యెచ్చట నున్నదో బయటివాఁడు ఉపన్యసించుటకంటె, ఆ సమాజపు పెద్దమ్మ నోట వినిపించుట మేలు. ఇట్టి కథను తీయఁబూనినవారు ముందుగా వైద్యుని కడ కూర్చుండి, విడుపు ఎట్లు క్రమముగా జరుగునో తెలిసికొనవలెను. ఎందుకనఁగా ఇచ్చట ఔచిత్యము ప్రాణరక్షణ మగుచున్నది. 2024 జూలైలో తెలంగాణ ముఖ్యమంత్రి, టిక్కెట్టుధరల పెంపు కోరు చిత్రములవారు మాదకద్రవ్యములకు వ్యతిరేకముగా చిన్న చిత్రమొకటి తీసి చూపవలెనని కోరిరి. అట్టి రెండు నిమిషముల హెచ్చరికలు మంచివే. అయితే వలదని చెప్పుటకు రెండు నిమిషములు చాలును. మానుట యెట్లో చూపుటకు మాత్రము కావ్యము కావలెను.

కడపట నొక వ్యాకరణవిషయము. తెలుఁగున "త్రాగును" అనునది తద్ధర్మార్థకరూపము. ఆ పని వాని స్వభావమైనదని చెప్పును. వ్యసనమునకు సరియైన క్రియారూపమదియే. దానికి ఎదురు "త్రాగఁడు" అను వ్యతిరేకరూపము. అది నిన్నకుఁ గాని రేపునకుఁ గాని కట్టుబడదు, ఋషులకును ఆజన్మనియమవంతులకును తగినది. మన కథలు నాయకుని ఒక్క శపథముతో "త్రాగును" నుండి "త్రాగఁడు"నకుఁ జేర్పఁజూచినవి. మత్తు విడిచినవానికిఁ గేంద్రములవారు "విముక్తుఁడు" అని పేరిడిరి. అది భూతార్థమునందలి క్తప్రత్యయము. పని ముగిసినదని చెప్పును. ముగియలేదని వానికిఁ దెలియును, వాని యింటివారికిఁ దెలియును. వానికిఁ దగినది వర్తమానార్థమునందలి శానచ్ ప్రత్యయము: విముచ్యమానుఁడు, విడివడుచున్నవాఁడు. తేటతెలుఁగున "మానుచున్నాఁడు". ఆ వర్తమానక్రియను పట్టి, గాయము మానుటను త్రాగుడు మానుటను ఒక్క శ్వాసలోఁ జెప్పఁగల చిత్రము తెలుఁగున రావలసియున్నది. వలసిన ధాతువు భాషలో సిద్ధముగా నున్నది.